క్లీనప్

బొమ్మనహళ్లిలో మూడో అంతస్తు.
కింద టైల్స్ షోరూము, పైన మేం తయారుచేసే యుద్ధం.
నా పని పేరు క్లీనప్.
మనుషుల కదలికల్లోంచి వణుకులు ఏరేస్తాను.
బియ్యంలో రాళ్లేరడం లాంటిదే, జీతం కాస్త నయం.

నటుడు రాని రోజు,
సిల్క్ బోర్డు దగ్గర వాన, మామూలే,
డైరెక్టర్ నిహాల్‌కి గేటు దగ్గరి పెంచలయ్య గుర్తొచ్చాడు.
"ఆయన నిజం సోల్జరే కదా!"

ఉదయగిరి మనిషి. పదిహేడేళ్లు ఫౌజు.
నల్లటి బిగుతు సూటు తొడిగి
ఒంటినిండా తెల్ల గోళీలు అంటిస్తుంటే
"అమ్మవారు పోసినట్టుండాదే" అని నవ్వాడు.

పరిగెత్తమన్నారు, పరిగెత్తాడు.
ప్లాస్టిక్ తుపాకీ ఎత్తమన్నారు,
లోపల తూటా ఉందేమోనని అలవాటుగా చూసి మరీ ఎత్తాడు.
చావమన్నారు.
"ఎట్టా?"
"మీరు చూసుంటారుగా సార్. అలాగే."
పెంచలయ్య కాసేపు నేలకేసి చూసి
మెల్లగా పక్కకి ఒరిగాడు.
మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని
బస్సులో నిద్రపట్టిన పిల్లాడిలా పడుకున్నాడు.
"అలా కాదు, ఎగిరిపడాలి సార్. చేతులు చాపి."
ఎనిమిదిసార్లు ఎగిరిపడ్డాడు.
ఎనిమిదో చావు ఓకే అయింది.

ఆఖర్న ఐడిల్.
ఆడేవాడు ఏ మీటా నొక్కనప్పుడు
హీరో ఊరికే నిలబడి చేసే పనులు:
మెడ విరవడం, తుపాకీ తుడవడం, ఆకాశం చూడడం.
"ఏమీ జరగనప్పుడు మీరేం చేసేవాళ్లు?"
"ఏమీ జరగనప్పుడా? ఎప్పుడూ జరిగేది అదేగదయ్యా"
అంటూ చతికిలబడి, ఎడం బూటు విప్పి
ఒక్కో వేలూ పట్టుకుని లెక్కపెట్టాడు.
మంచు తిన్నవి పోగా మూడు.
కుడికాలివి ఐదు.
మళ్లీ మొదట్నించి.
కెమెరాలన్నీ శ్రద్ధగా రాసుకున్నాయి.
నిహాల్ మాత్రం "కట్" అన్నాడు. "ఇది వద్దు."

ఆ రాత్రి ఆయన కుంటు తీసేశాను.
గ్రాఫులో ఎడం పాదం గీత
అడుగడుక్కీ చిన్న పల్లంలోకి దిగి లేస్తుంది.
పల్లాలన్నీ పూడ్చాను.
భుజాలు వేరేవాళ్లు వెడల్పు చేశారు. దవడ ఇంకెవరో.

విడుదలకి ముందు హోసూరు రోడ్డు మీద హోర్డింగు లేచింది.
మేజర్ అగస్త్య, వెనకాల మంట.
బై టూ కాఫీలో తన సగం ఊదుకుంటూ
పెంచలయ్య తలెత్తి చూశాడు.
"ఆ ఛాతీకి కోటు గుండీ పడదమ్మా. చలికి చస్తాడు."
ఇంకా కాసేపు చూసి,
"వీడికి వంట ఎవురు జేస్తారు?"
వెటకారం లేదు. అడిగాడంతే.
"తినడు" అన్నాను.
"పుణ్యాత్ముడు. నేను పదకొండేళ్లు వంటింట్లోనే ఉన్నా.
ఒలిచిన ఉర్లగడ్డల్లో వెయ్యోవంతు తూటాలు పేల్చలా."
గ్లాసు కడిగిచ్చి గేటుకి పోయాడు.

వద్దన్న ఆ ముక్కని నేను చెరపలేదు.
కానీ తీరా చూస్తే
మా మేజరుకి బూటు లోపల పాదమే లేదు.
బూటే పాదం.
నాలుగు రాత్రులు కూర్చుని చెక్కాను,
గోళ్లతో సహా, మూడు వేళ్లు.
పదకొండు నిమిషాలు ఎవరూ దేన్నీ తాకకపోతే
మొదలయ్యేలా ఎక్కడో అడుగున దాచాను.
టెస్టర్లు పదకొండు సెకన్లు ఆగరు.
ఎవరూ పట్టుకోలేదు.
ఆయనకీ చెప్పలేదు, ఎందుకో.

ఆట ఆపకుండానే కంచం దగ్గరికి లేచిపోయిన
ఏ పిల్లాడి గదిలోనో
ఫ్యాను తిరుగుతూ ఉంటుంది.
తెరమీద ఊరు తగలబడుతూనే ఉంటుంది.
మేజరు తుపాకీ పక్కన పెట్టి కింద కూచుంటాడు.
లేసు ముడి
ఒకపట్టాన రాదు.